మిథ్యాలోకంలో రోడ్లు వేసేవారు

పర్లాకిమిడి మిత్రులందరికీ నమస్కారం. గత సమావేశంలో సెకండ్ లైఫ్ అనే మిథ్యాలోకాన్ని (ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్‌లో బొమ్మ రూపంలో మనం తిరిగే లోకాన్ని) తెరపై చూపినప్పుడు, ‘ఈ రోడ్లు ఎవరు వేశారు?’ అని ఒక పెద్దాయన అడిగారు. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

2003లో లిండెన్ ల్యాబ్ అనే అమెరికా సంస్థ ప్రారంభించిన ఆ లోకంలో ఇళ్లూ దుకాణాలూ చాలావరకు సభ్యులే కట్టుకుంటారు. ఏ ఒక్కరికీ సొంతం కాని రోడ్లు, వంతెనలు, రైలు పట్టాల బాగోగులు చూడడానికి ఆ సంస్థ 2008లో ప్రజాపనుల విభాగాన్ని ఏర్పాటు చేసి, సభ్యుల్లోంచే నేర్పరులను కాంట్రాక్టు మీద తీసుకుంది. వారందరి ఇంటిపేరూ ‘మోల్’, అంటే నేలలో సొరంగాలు తవ్వే చిన్న జంతువు. ఆ లోకంలో 2019లో తెరిచిన బెల్లిసేరియా ఖండం వారి చేతిపనే.

అక్కడి నేల ఒక్కో వైపు 256 మీటర్లు ఉండే చదరపు గళ్లుగా ఉంటుంది. బండి ఒక గడి దాటి మరో గడిలోకి వెళ్లేటప్పుడు దాని స్థానం, వేగం లాంటి లెక్కలన్నీ ఆ కొత్త గడిని నడిపే మరో ప్రోగ్రామ్ చేతికి మారాలి. ఆ క్షణంలో బండి కుదుపుతుంది, ఒక్కోసారి మనిషి ఒకచోట, బండి ఒకచోట తేలుతాయి. రోడ్డు అతుకు చక్కగా కలిపినా ఈ కుదుపు పూర్తిగా పోదు. 1900లో నౌపడా నుంచి మన ఊరికి చిన్న రైలు వేసినవారికి ఇలాంటి బెడద లేదు లెండి!

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి సెకండ్ లైఫ్‌లోని రైలు మార్గాన్ని తెరపై చూద్దాం. ల్యాప్‌టాప్ ఉన్నవారు చార్జర్ కూడా తీసుకురాగలరు.