షాకర్స్ కోసం డబ్బు విషయం

అన్నలూ, అక్కలూ, నిన్న విచిటా స్టేట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకి, అదే మన షాకర్స్‌కి, మనం డబ్బులెందుకివ్వాలి అని ఒకరడిగారు కదా, న్యాయమైన ప్రశ్నే. 2014లో కెంటకీ యూనివర్సిటీ మీద 78-76తో ఓడిన రోజు గుర్తుందా? 35 మ్యాచ్‌లు వరసగా గెలిచి వచ్చాం, చివరి సెకన్లో మన ఆటగాడు వాన్‌వ్లీట్ వేసిన మూడు పాయింట్ల షాట్ పడలేదు, మా అపార్ట్‌మెంట్‌లో బిర్యానీ ప్లేట్లు అలాగే చల్లారిపోయాయి. ఆ వాన్‌వ్లీట్ నాలుగేళ్లూ మన దగ్గరే ఆడాడు. ఇప్పుడైతే ఒక్క సీజన్ బాగా ఆడగానే పెద్ద యూనివర్సిటీ ఎక్కువ డబ్బిచ్చి పట్టుకుపోతుంది, ట్రాన్స్‌ఫర్ అయినా మునుపటిలా ఏడాది ఆడకుండా కూర్చోవాల్సిన పని లేదు. 2025 నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు, ఒక్కో కాలేజీకి మొదటి ఏడాది పరిమితే సుమారు 2 కోట్ల డాలర్లు. మనకా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 1986లోనే పోయింది, ఆ ఆటకొచ్చే టీవీ డబ్బు మనకు రాదు. (ఖర్చూ లేదనుకోండి, అదొక్కటే నయం.) అందుకే నా మాట, కొత్త స్కోర్‌బోర్డులకీ రంగులకీ కాదు, ఉన్న కుర్రాళ్లు జారిపోకుండా ఆపడానికే ఇద్దాం, ఆ మాట రాసి మరీ ఇద్దాం. నెలకు 20 డాలర్లు చాలు. విచిటాలోనే ఉన్నవాళ్లు ముందు సీజన్ టికెట్ కొనండి, మన జట్టు ఆడే కోక్ అరీనాలో పదివేల పైచిలుకు సీట్లున్నాయి. ఒప్పుకునేవాళ్లు ఆదివారంలోపు ఇక్కడే చెప్పండి, బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకండి.