చుక్క పడిన చోట లీకు ఉండదు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. కారు కింద ఆయిల్ మరక కనబడినంత మాత్రాన ఇంజన్ పోయినట్టు కాదమ్మా, టెన్షన్ పడకు. క్రాంక్ ఆయిల్ సీల్, అంటే ఇంజన్ వెనక ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు, పోయింది, గేర్‌బాక్స్ దించాలి అన్నాడట మెకానిక్. నిజమే కావచ్చు. కానీ నీ కంటికి చూపించకుండా దించనివ్వకు.

ముందు అది ఇంజన్ ఆయిలేనా చూడు. ఏసీ వేసి వచ్చాక కారే నీళ్లు మామూలే. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ఎక్కువగా పచ్చగానో గులాబీ రంగులోనో ఉంటుంది. రాత్రి కారు కింద అట్టముక్క పరువు. పొద్దున దాని మీద గోధుమరంగో నలుపో జిడ్డు ఉంటే చాలావరకు ఇంజన్ ఆయిలే.

చాలాసార్లు ఆయిల్ పైనెక్కడో పుట్టి, ఇంజన్ ఒంటిమీదుగా పాకి, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోయి, చివరికి అడుగున చుక్కవుతుంది. ఆటోనగర్‌లో షెడ్డు పెట్టిన కొత్తలో ఒకాయన కారుకు నేనూ గేర్‌బాక్స్ దించి సీల్ మార్చాను. మూడోరోజు మళ్లీ అక్కడే చుక్క. టార్చి వేసి చూస్తే ఇంజన్ పైమూత, అదే టాపెట్ కవర్, వెనక మూల ప్యాకింగ్ రబ్బరు బిరుసెక్కిపోయి, గోరు తగలగానే పెచ్చులా విరిగింది. అక్కణ్నుంచి కిందిదాకా సన్నటి తడి గీత. ఆయన మజూరీ ఆయనకు తిరిగిచ్చేశాను. ఆ మూల ఇప్పటికీ కళ్లలో ఉంది.

అందుకే ఇంజన్ చల్లారాక జిడ్డంతా తుడిపించు. పది కిలోమీటర్లు నడిపి, పైనుంచి కిందికి చూడమను. తడి ఎక్కడ మొదలైందో అదే అసలు చోటు. పోయిన నెలే సర్వీసు చేయించావు కదా, ఆయిల్ ఫిల్టరూ, పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు వాషరూ తప్పక చూడాలి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుపోయి, దాని మీదే కొత్తది బిగిస్తే కారుతుంది. ఇంజన్ లోపలి ఆవిర్లను బయటికి వదిలే పీసీవీ వాల్వు మూసుకుపోయినా లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల నుంచి ఆయిల్ తన్నుకొస్తుంది. దాన్ని బాగుచేయకపోతే కొత్త సీలూ నిలవదు.

రోజూ బండి తీయకముందు, చదునైన చోట, ఆయిల్ ఎంతుందో చూపే కడ్డీ, డిప్‌స్టిక్, తీసి చూడు. కింది గీతకు దిగితే ఆయిల్ పోయించు. ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఆఫీసుకు ఆలస్యమైనా సరే, పక్కకు తీసి ఇంజన్ ఆపేయ్. మాడు వాసన వచ్చినా అంతే. వేడి సైలెన్సర్ పైపు మీద ఆయిల్ పడితే అంటుకోవచ్చు.

తడి కనబడిన చోటు ఫొటో పంపు. శనివారం రాత్రి బస్సెక్కుతున్నాను. వెనక మూలలు చూడ్డానికి చేతి అద్దం సంచిలో పెట్టుకున్నాను.

నాన్న