రాస్ హిల్ మెట్ల మీద కలిసిన అమ్మగారికి కృతజ్ఞతలు

విశాఖపట్నంలో రాస్ హిల్ మెట్ల మీద, కింద ఓడరేవులోకి ఓడ మెల్లగా వస్తున్న సాయంత్రం, నా పక్కన కూర్చొని నా మాట చివరిదాకా విన్న అమ్మగారికి, పేరైనా అడగని నేను ఈ కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. మా చర్చి సంఘంలో కానుకల లెక్క రాసే నేను 5,000 రూపాయలు సొంత అవసరానికి వాడుకొని, ఆ సంగతి దాచి, ఎనిమిది నెలల పాటు యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ విశ్వాసులు రొట్టె పంచుకునే ప్రభువు బల్ల దగ్గర ఆ రొట్టె అందుకోలేకపోయాను. మౌనంగా ఉన్నంతకాలం తన ఎముకలు క్షీణించాయని 32వ కీర్తనలో దావీదు చెప్పుకున్నది నాకు ఒంట్లోనే తెలిసింది.

అమ్మా, మీరు నన్ను ఓదార్చడానికి తొందరపడలేదు. అంచులు నలిగిన మీ బైబిలులో సంఖ్యాకాండము 5వ అధ్యాయం తీసి, పెన్సిలు గీత ఉన్న 7వ వచనం మీద వేలు పెట్టి, “ఒప్పుకోవడంతో ఆగకు నాయనా, ఐదో వంతు కలిపి ఇచ్చెయ్యి” అన్నారు. క్షమాపణ గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ, పాపాన్ని ఒప్పుకోవడమూ నష్టాన్ని పూడ్చడమూ ఒకే వచనంలో ఉన్నాయని అప్పటిదాకా నేను గమనించలేదు; అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని యేసుతో అన్న సుంకరి (పన్ను వసూలుదారు) జక్కయ్య ఆ కొలతను ఎంతగా మించాడో కూడా అప్పుడే అర్థమైంది.

ఆ ఆదివారమే సంఘ పెద్దల ముందు నిజం చెప్పి 6,000 రూపాయలు బల్ల మీద పెట్టాను. లెక్క పుస్తకం నా దగ్గర నుంచి తీసుకున్నారు, అది న్యాయమే. మొన్నటి ఆరాధనలో నేను రొట్టె అందుకున్నానని మీకు తెలియాలని ఇది రాస్తున్నాను.