కానుగ కాయలు ఏరేవారికి

అందరికీ నమస్కారం. నూనె సగం పాడయ్యేది గానుగలో కాదు, కల్లంలోనే. అందుకే ఈ నాలుగు మాటలు.

కాయ గోధుమరంగుకు తిరిగాకే కోయండి. వానకు తడిసినవి వేరే కుప్ప పోయండి, దయచేసి మంచివాటిలో కలపొద్దు. కర్రతో కొట్టి గింజ తీశాక మళ్లీ 2-3 రోజులు ఎండాలి. గోరు దిగకూడదు, విరిస్తే పటుక్కుమనాలి. ప్లాస్టిక్ సంచుల్లో చెమ్మ పట్టి బూజొస్తుంది, నూనెలో ఆమ్లం పెరుగుతుంది. గోనె సంచుల్లో నింపి చెక్కలమీద పేర్చండి.

కానుగ నూనెతో బయోడీజిల్ చేసేవారు ప్రతి డ్రమ్ముకూ ఆమ్లం పరీక్ష చేయాల్సిందే. 1 మి.లీ. నూనెను 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి, రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్ (రంగు మారి ఆమ్లం సంగతి చెప్పే మందు) వేయండి. లీటరు నీటికి 1 గ్రాము కాస్టిక్ సోడా కలిపిన ద్రావణాన్ని గులాబీరంగు నిలిచేదాకా చుక్కచుక్కగా పోయండి. ఆ ద్రావణం 3 మి.లీ. దాటిందంటే నూనెలో ఆమ్లం ఎక్కువని, దాన్ని నేరుగా వాడొద్దు. సబ్బు కడుతుంది, డీజిల్‌తోపాటు తయారయ్యే గ్లిజరిన్ విడిపోదు. ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిథనాల్ (ఒకరకం ఆల్కహాల్)తో శుద్ధి చేయాలి. మంచి నూనెకైతే 100 లీటర్లకు 20 లీటర్ల మిథనాల్ చాలు. దాని ఆవిరి కూడా విషమే, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

నూనె తీశాక మిగిలే గింజల చెక్కను మాత్రం అమ్మేయకండి, పొలానికి మంచి నత్రజని ఎరువు. పశువులకు పెట్టొద్దు.