ఆఫ్రికాలో సఫారీ, స్వచ్ఛంద సేవ: డబ్బు కట్టే ముందు

సభ్యులందరికీ నమస్కారం. కెన్యాలో కొన్నాళ్లు సేవ చేసి, ఆపై మసాయి మారా సఫారీకి వెళ్లాలనుకునేవారు జూలై, అక్టోబరు నెలల మధ్య కాలాన్ని ఎంచుకుంటే, పొరుగు దేశం టాంజానియాలోని సెరెంగెటి నుంచి వచ్చే వైల్డెబీస్ట్ (జింక జాతికి చెందిన పెద్ద జంతువు) మందలు మారా నదిని దాటడం చూసే అవకాశం ఉంటుంది.

అయితే దక్షిణాఫ్రికాలో సింహపు పిల్లలకు పాలు పట్టి పెంచే ‘సేవ’కు మాత్రం దయచేసి డబ్బు కట్టవద్దు. అలా మనుషుల చేతుల్లో పెరిగిన సింహాలు తిరిగి అడవిలో బతకలేవు. పెద్దయ్యాక వాటిని కంచెల మధ్య వేటకు, ఎముకల వ్యాపారానికి అమ్మిన ఉదంతాలు అనేకం ఉన్నాయి. ఈ పెంపకానికి స్వస్తి పలకాలన్న నిర్ణయాన్ని 2021లో ఆ దేశ ప్రభుత్వమే ప్రకటించింది. ఫొటో కోసం పులినో సింహాన్నో తాకనిచ్చే చోటును సంరక్షణ కేంద్రంగా నేను అంగీకరించలేను. గస్తీ సిబ్బందికి తోడ్పడటం, జంతువుల గణన, స్థానిక మొక్కలను దెబ్బతీసే పరాయి మొక్కల తొలగింపు వంటి పనులు ఆకర్షణీయంగా కనిపించకపోయినా, నిజంగా అవసరమైనవి అవే.

జీతం లేని పనికి కూడా ప్రత్యేక అనుమతి అవసరం కావచ్చు కనుక, పర్యాటక అనుమతి (టూరిస్ట్ వీసా వంటిది) సరిపోతుందా అన్నది ముందుగా ఆ దేశ రాయబార కార్యాలయంలో విచారించండి. కెన్యా నుంచి భారత్‌కు తిరిగి వచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం చూపాలి. అది టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుబాటవుతుంది.