దూరపు క్లబ్బులు, మన చందాలు: 2025 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

2025 జనవరి నుంచి డిసెంబరు వరకు మన క్రీడాభిమానుల సంఘం సాగించిన కార్యక్రమాల నివేదికను కార్యవర్గం తరఫున మీకు సమర్పిస్తున్నాను. ఏటా సమావేశాలు, మ్యాచ్ వీక్షణలు, పిల్లల వేసవి శిబిరం గురించి వరుసగా చెప్పి, చివర జమాఖర్చులు చూపడం ఆనవాయితీ. ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఒకే విషయానికి పోతుంది. విదేశీ ఫుట్‌బాల్ క్లబ్బులలో సభ్యత్వం తీసుకోదలచిన మన సభ్యులకు ఆ రుసుములో సగం సంఘం నిధి నుంచి ఇవ్వాలని కిందటి సర్వసభ్య సమావేశంలో యువ సభ్యులు ప్రతిపాదించారు. వాదన రాత్రి పదిన్నర దాకా సాగింది. వాచ్‌మన్ వచ్చి దీపాలు ఆర్పేస్తానని హెచ్చరించిన తరువాతే విషయాన్ని ముగ్గురు సభ్యుల ఉపసంఘానికి అప్పగించి లేచిన సంగతి హాజరైనవారికి గుర్తుండే ఉంటుంది. ఆ ఉపసంఘం తేల్చిన విషయాలూ, వాటిపై కార్యవర్గం తీసుకున్న నిర్ణయమూ ఈ నివేదికలో ముఖ్యాంశం.

మిగిలిన కార్యక్రమాలను ముందుగా క్లుప్తంగా చెబుతాను. వారాంతపు మ్యాచ్‌లను యథాప్రకారం సభ్యుల ఇళ్ల మేడలపై వంతులవారీగా చూశాం. ఐపీఎల్‌లో చెన్నై జట్టు మొదటిసారి అట్టడుగు స్థానంలో నిలిచిన సంవత్సరం కావడంతో ఏప్రిల్ నెలాఖరుకు మేడలపై సగం చాపలు ఖాళీగా ఉన్నాయి. జూన్ 3న బెంగళూరు జట్టు తొలిసారి కప్పు గెలిచిన రాత్రి మాత్రం చోటు చాలలేదు. చెన్నై చేపాక్ స్టేడియం తిరుపతిలో ఉన్న మనకు నూట నలభై కిలోమీటర్ల దూరమే. ఉదయం రైలెక్కి వెళ్లి, మ్యాచ్ చూసి, రాత్రి మాధవరంలో బస్సు పట్టుకుని తెల్లవారేలోగా ఇల్లు చేరే సభ్యులు మనలో చాలామంది ఉన్నారు. అక్కడ ఏడాది సభ్యత్వం ఉంటేనే టికెట్ అన్న షరతు లేదు. అమ్మకం మొదలైన నిమిషంలో ఎవరి ఫోన్ ముందుగా పలికితే వారిదే అదృష్టం. అందుచేత క్రికెట్ సంగతి ఉపసంఘం పరిశీలనలోకి రాలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంగ్లండ్‌లోని పెద్ద క్లబ్బుల సభ్యత్వానికి పెద్దలు చెల్లించే రుసుము ఏడాదికి ముప్ఫై అయిదు, నలభై పౌండ్ల ప్రాంతంలో, అంటే మన డబ్బులో నాలుగు వేల పైచిలుకు ఉంటుంది. విదేశీ చెల్లింపుపై కార్డు కంపెనీ వేసే అదనపు రుసుము దీనికి తోడు. చాలా కార్డులపై అది మూడున్నర శాతం దాకా ఉంటుంది, దానిపై మళ్లీ జీఎస్టీ పడుతుంది. ఇందుకు బదులుగా ఒక కార్డు, కండువా లేదా బ్యాడ్జీ, క్లబ్బు సొంత వీడియోలు చూసే వీలు, దుకాణంలో కొంత తగ్గింపు లభిస్తాయి. ఈ వస్తువుల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. మన సభ్యుడొకరికి కండువా ఉన్న పార్సిల్ మూడు నెలలకు చేరింది, పైగా కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడి కస్టమ్స్ సుంకం అడిగాడు. తిరుపతి ఎండలో ఉన్ని కండువా ఎప్పుడు కట్టుకోవాలన్న ప్రశ్నకు ఆ సభ్యుడి దగ్గర ఇంకా సమాధానం లేదు.

మ్యాచ్ చూడడానికైతే సభ్యత్వంతో పనే లేదు. ఈ విషయంలో మనం స్థానికుల కన్నా మెరుగైన స్థితిలో ఉన్నాం. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 వరకు ఫుట్‌బాల్ మ్యాచ్‌లను ప్రత్యక్ష ప్రసారం చేయరాదన్న నియమం దశాబ్దాలుగా ఉంది. జనం ఇళ్లలో కూర్చుంటే చిన్న క్లబ్బుల మైదానాలు ఖాళీ అవుతాయన్నది దాని వెనుక ఉద్దేశం. మూడు గంటలకు మొదలయ్యే మ్యాచ్‌ను మాంచెస్టర్‌లో టికెట్ దొరకని మనిషి టీవీలో కూడా చూడలేడు. మనం చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నరకు, వేసవిలో ఏడున్నరకు భోజనం ముగించుకుని అదే మ్యాచ్‌ను మొదటి నుంచి చివరి దాకా చూస్తాం.

కాబట్టి ఆ నాలుగు వేల రూపాయలు నిజానికి కొనిపెట్టేది టికెట్ అడిగే అర్హతను. టికెట్ కాదు, అడిగే అర్హత. ఈ తేడా దగ్గరే సమావేశంలో చాలామంది తడబడ్డారు గనుక ఉపసంఘం దీనిని మన ఊరి లెక్కలో వివరించింది. శ్రీవారి ఆర్జిత సేవలకు ఆన్‌లైన్‌లో జరిగే ఎలక్ట్రానిక్ డిప్, అంటే లాటరీ, మనందరికీ తెలుసు. పేరు నమోదుకు రూపాయి తీసుకోరు, డిప్‌లో పేరు వచ్చినవారే గడువులోగా డబ్బు కడతారు. పెద్ద ఇంగ్లిష్ క్లబ్బుల పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ ముందు సభ్యత్వం కట్టాలి, కట్టినవారి మధ్య డిప్ వేస్తారు, పేరు వస్తే టికెట్ ధర వేరుగా చెల్లించాలి, రాకపోతే సభ్యత్వపు డబ్బు తిరిగి రాదు. లివర్‌పూల్ క్లబ్బు మైదానం ఆన్‌ఫీల్డ్‌లో దాదాపు 61,000 సీట్లు, మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో దాదాపు 74,000 సీట్లు ఉన్నాయి. వాటిలో పెద్ద భాగం ఏడాది మ్యాచ్‌లకు ముందే కొనుక్కున్న సీజన్ టికెట్లవారివి. ఒక్కో జట్టు సొంత మైదానంలో ఆడే లీగ్ మ్యాచ్‌లు ఏటా 19 మాత్రమే. మిగిలిన సీట్ల కోసం ప్రపంచమంతా ఆ డిప్‌లో పేరు ఇస్తుంది.

మన దగ్గర 2024 డిసెంబరు నుంచి ప్రతి నెలా మొదటి మంగళవారం స్థానికులకు దర్శనం కోటా ఇస్తున్నారు. ఆ టోకెన్ చేతిలో పట్టుకున్నప్పుడు శ్రీకాకుళం నుంచి వచ్చిన భక్తుడి అవస్థ మనకు తట్టదు. ఫుట్‌బాల్ విషయంలో ఆ శ్రీకాకుళం భక్తులం మనమే.

అయితే ప్రయాణం ఖాయమైన సంవత్సరంలో లెక్క మారుతుందని ఉపసంఘం స్పష్టంగా చెప్పింది, కార్యవర్గం దానితో ఏకీభవించింది. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్లను అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. బయటి అమ్మకందారుల దగ్గర కొన్న టికెట్‌తో గేటు దాకా వెళ్లి వెనుదిరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. విందుతో కలిపి అమ్మే ప్యాకేజీలు వందల పౌండ్లు పలుకుతాయి. మామూలు ధరకు నిజాయితీగా టికెట్ సంపాదించే దారి చాలా మ్యాచ్‌లకు సభ్యత్వం ఒక్కటే. సందర్శక వీసాకే వంద పౌండ్లకు పైగా కట్టే మనిషికి, విమాన ఛార్జీ, బస ఖర్చుల పక్కన ఈ నలభై పౌండ్లు ఏ మూలకూ రావు.

వెళ్లదలచినవారు కొన్ని సంగతులు గమనించాలి. లీగ్ షెడ్యూలు జూన్‌లో వస్తుంది గానీ, టీవీ ప్రసారాల కోసం శనివారం మ్యాచ్‌లను ఆదివారానికో సోమవారం రాత్రికో జరపడం అక్కడ మామూలు. మ్యాచ్ తేదీకి అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు చేతిలో ఉంచుకోకుండా విమాన టికెట్ కొనరాదు. పెద్ద క్లబ్బులలో సభ్యుల డిప్ మ్యాచ్‌కు నెలల ముందే ముగిసిపోతుంది గనుక, ప్రయాణానికి ముందు నెలలో తీసుకున్న సభ్యత్వం కండువాకు తప్ప ఎందుకూ పనికిరాదు. లీగ్ కప్ అనే వేరే టోర్నీ తొలి రౌండ్ల మ్యాచ్‌లకు టికెట్ల పోటీ తక్కువ. జట్టులో పేరున్నవారు ఆడకపోవచ్చు, కానీ మైదానం అదే, పాటలు అవే.

స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్బు సంగతి పూర్తిగా వేరు. అక్కడ మ్యాచ్ చూడడానికి సభ్యుడు కానక్కరలేదు, బయటివారికీ క్లబ్బే టికెట్లు అమ్ముతుంది. 1899లో పుట్టిన ఆ క్లబ్బుకు సభ్యులే యజమానులు, అధ్యక్షుణ్ణి ఓటు వేసి ఎన్నుకునేది వారే. 2021 మార్చిలో జువాన్ లాపోర్తా అలాగే ఎన్నికయ్యారు. జర్మనీలో సభ్యుల సంఘం చేతిలో ఓటింగ్ హక్కులలో సగానికి మించి ఒక్క ఓటైనా ఉండాలన్న నియమం 1998 నుంచి అమలులో ఉంది. ఒకటి రెండు కంపెనీ క్లబ్బులకే మినహాయింపు. మ్యూనిక్‌లోని బాయెర్న్ క్లబ్బుకు నాలుగు లక్షలకు పైగా సభ్యులున్నారు, వారి మైదానంలో సీట్లు 75,000. ఖతార్ విమాన సంస్థ ప్రకటనల ఒప్పందంపై 2021 నవంబరులో సభ్యులు వార్షిక సమావేశంలోనే కార్యవర్గాన్ని నిలదీశారు. మన సర్వసభ్య సమావేశం గొడవలు చిన్నవని అప్పుడు నాకు అనిపించింది. కానీ ఆ సమావేశంలో ఓటు వేయాలంటే మ్యూనిక్‌లో ఆ హాలులో కూర్చుని ఉండాలి. తిరుపతిలో ఉన్న సభ్యుడు రుసుము కట్టగలడు, చేయి ఎత్తలేడు.

ఓటు తప్ప మరేమీ దక్కని యాజమాన్యం కూడా అమ్ముడుపోతుంది. అమెరికాలో ఉంటున్న మన సభ్యుడి కుమారుడు గ్రీన్ బే ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో వాటా కొని, ఆ పత్రానికి పటం కట్టించి గోడకు తగిలించాడు. 2021 నవంబరులో మొదలైన అమ్మకంలో ఒక్కో వాటా ధర 300 డాలర్లు. దానిపై డివిడెండు రాదు, దానిని మరొకరికి అమ్మరాదు, టికెట్లలో ప్రాధాన్యమూ లేదు. వార్షిక సమావేశానికి వెళ్లి డైరెక్టర్ల ఎన్నికలో ఓటు వేయవచ్చు, అంతే. అయినా వాటాదారులు అయిదు లక్షలు దాటారు. ఆ తండ్రిని మేం అడిగితే, లాభం కోసమైతే రేణిగుంట రోడ్డులో స్థలం కొనేవాడు కదా అన్నారు.

యజమాని ఒక్కడే అయిన చోట అభిమాని గతి ఏమిటో చూడడానికి మనం ఐరోపా దాకా పోనక్కరలేదు. 2019లో పుణె జట్టు స్థానంలో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన రాత్రి మనం మేడపై బాణాసంచా కాల్చాం. ఈ 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పసుపు జెర్సీలు కొన్న మన సభ్యులను ఎవరూ అడగలేదు, గచ్చిబౌలిలో ప్రతి మ్యాచ్‌కు వెళ్లినవారినీ అడగలేదు.

దూరపు అభిమాని మాట చెల్లదన్నది మన నిరాశ కొద్దీ అంటున్న మాట కాదు. 2016 ఫిబ్రవరిలో 77 పౌండ్ల టికెట్ ధరకు నిరసనగా లివర్‌పూల్ మైదానంలో వేలాది మంది 77వ నిమిషంలో లేచి వెళ్లిపోయారు. కొద్ది రోజుల్లోనే క్లబ్బు ఆ ధరను ఉపసంహరించుకుంది. మనం ఎన్ని టీవీలు కట్టేసినా అక్కడ ఒక్క సీటు ఖాళీగా కనిపించదు.

యువ సభ్యుల పక్షాన చెప్పవలసిన మాట ఒకటుంది, దానిని తక్కువ చేయడం న్యాయం కాదు. మొదటి జీతంతో క్లబ్బు సభ్యత్వం తీసుకున్న ఒక సభ్యుడు ఉపసంఘం ముందు, హుండీలో కానుక వేసేవాడు బదులుగా ఏం వస్తుందని లెక్క చూసుకుంటాడా అని అడిగాడు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. హుండీలో ఎవరి డబ్బు వారే వేస్తారు నాయనా, సంఘం పెట్టె తెచ్చి వేయరు అని కోశాధికారి గారు సమాధానమిచ్చారు. అబ్బాయి నవ్వేసి కూర్చున్నాడు. నా మట్టుకు నాకు ఇద్దరి మాటా సరైనదే. సొంత డబ్బుతో సొంత సంతోషానికి తీసుకునే సభ్యత్వం దండగ అనే హక్కు సంఘానికి లేదు. అందరి చందాను కొందరి కార్డులకు పంచే హక్కూ లేదు.

ఈ కారణాల వల్ల ప్రతిపాదనను ఆ రూపంలో అంగీకరించరాదని కార్యవర్గం తీర్మానించింది. దానికి బదులుగా, విదేశంలో మ్యాచ్ చూడడానికి వెళ్లే సభ్యుడు టికెట్ చూపితే, ఆ ఏడాది సభ్యత్వ రుసుములో సగం సంఘం చెల్లిస్తుంది. తిరిగి వచ్చాక ఆయన ఒక సాయంత్రం అందరికీ ఆ ప్రయాణం గురించి చెప్పాలి. ఈ వెసులుబాటు ఏడాదికి ఇద్దరికి మించి వర్తించదు. మిగిలిన సొమ్ము పిల్లల వేసవి శిబిరంలో బంతులకు, గోల్ వలలకు పోతుంది. కిందటి వేసవిలో చిరిగిన వలకు తాడు కట్టి నెట్టుకొచ్చిన సంగతి చూసినవారికి దీనిపై అభ్యంతరం ఉండదనుకుంటున్నాను.

ఇప్పటికే సభ్యత్వాలున్నవారికి ఒక విన్నపం. ఏటా దానంతట అదే పునరుద్ధరణ అయ్యేలా చాలామంది తెలియక అనుమతి ఇచ్చి ఉన్నారు. కార్డు నుంచి డబ్బు వెళ్లడానికి కనీసం ఇరవై నాలుగు గంటల ముందు బ్యాంకు సందేశం పంపుతుంది. ఆ సందేశాన్ని చదవకుండా తుడిచేయడం వల్లే ఇద్దరు సభ్యులు ఈ ఏడాది తాము అభిమానించడం మానేసిన క్లబ్బుకు కూడా రుసుము కట్టారు.

జమాఖర్చుల పట్టిక, ఉపసంఘం పూర్తి నివేదిక కార్యదర్శి వద్ద ఉన్నాయి, సభ్యులు ఏ ఆదివారమైనా వచ్చి చూడవచ్చు. రాబోయే సీజన్‌లో ప్రయాణం తలపెట్టినవారు షెడ్యూలు వెలువడే జూన్ నెలలోపు పేరు ఇవ్వాలి. ఇద్దరికి మించి పేర్లు వస్తే డిప్ వేస్తాం, నమోదుకు రుసుము లేదు.

ఇట్లు,
కార్యదర్శి,
తిరుపతి