చిన్న బండి ఎక్కడ? అమెరికా వాణిజ్య ప్రతినిధికి మిల్వాకీ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అమెరికా వాణిజ్య ప్రతినిధి గారికి,

నమస్కారం. నేను మిల్వాకీ దగ్గర ఒక చిన్న మెషిన్ షాపులో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. అల్యూమినియం పోత భాగాలు మా దగ్గరికి వస్తాయి. వాటికి రంధ్రాలు వేసి, మరలు తీసి, కొలతలు చూసి పంపుతాం. పుట్టింది విజయవాడలో. ఈ లేఖ ఇంగ్లీషు కాపీని మీ ఆఫీసుకు పోస్టులో పంపాను. తెలుగులో కూడా ఎందుకంటే, సుంకాల మాట వస్తే ఇక్కడి మా తెలుగువాళ్ళ ఇళ్ళలో వాదన అంతా ఇండియాకి నష్టమా, అమెరికాకి లాభమా అన్న దగ్గరే తిరుగుతుంది. అసలు బండి, అంటే మోటార్ సైకిల్, గురించి ఎవరూ మాట్లాడరు. నాకు బండి గురించి మాట్లాడాలని ఉంది.

పోయిన వేసవిలో మా అబ్బాయి మోటార్ సైకిల్ కొంటానన్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు. హార్లే డేవిడ్‌సన్ పుట్టిన ఊళ్ళోనే పెరిగాడు కాబట్టి ఆ పేరు మీద మోజు ఉండనే ఉంది. తీరా చూస్తే ఆ కంపెనీలో అన్నిటికంటే చవక బండి 10 వేల డాలర్ల దగ్గర ఉంది. వాడి దగ్గర అందులో సగం కూడా లేదు. చివరికి రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 తెచ్చుకున్నాడు. చెన్నై పక్కన తయారైన బండి. మా నాన్న వీడియో కాల్‌లో చూసి, "ఇదేంట్రా, అమెరికా దాకా వెళ్ళి బుల్లెట్ కంపెనీ బండి కొన్నారా" అని ఒకటే నవ్వు. ఆయన ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లేత్ మీద పనిచేశారు. బుల్లెట్లకూ రాజ్‌దూత్‌లకూ బోరు కొట్టిన చెయ్యి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2015లో తన ఉత్తర అమెరికా ఆఫీసు తెరిచింది కూడా మిల్వాకీలోనే అని చెబితే, ఆ నవ్వు ఇంకాస్త పెరిగింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ బండి మా అబ్బాయికి చవగ్గా దొరకడమే కాదు, నచ్చింది కూడా. సుంకం వేసి దాని ధర పెంచినా వాడు హార్లే కొనడు. సెకండ్ హ్యాండ్ కారు కొంటాడు.

మీ ఆఫీసులో 1983 నాటి ఫైళ్ళు ఉండే ఉంటాయి. అప్పట్లో హోండా, యమహా ఒకదాని మీద ఒకటి పంతానికి పోయి విపరీతంగా బండ్లు తయారుచేశాయి. అమ్ముడుపోనివి అమెరికా షోరూముల్లో గుట్టలు పడ్డాయి. హార్లే అప్పుడే, 1981లో, తన యజమాని అయిన ఏఎంఎఫ్ కంపెనీ చేతి నుంచి బయటపడింది. 13 మంది అధికారులు అప్పు చేసి కంపెనీని కొనుక్కున్నారు. బండి నాణ్యత ఎలా ఉండేదంటే, ఆయిల్ కారుతుందని షోరూములో కింద అట్టముక్క పరిచేవాళ్ళట. దిగుమతుల వల్ల ఇక్కడి కంపెనీలకి నష్టమా అని తేల్చే ప్రభుత్వ సంస్థ, ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్, విచారణ జరిపింది. అప్పటి అధ్యక్షుడు రీగన్ గారు 700 సీసీ దాటిన దిగుమతి బండ్ల మీద, ఉన్న సుంకానికి అదనంగా 45 శాతం వేశారు. అయితే ఆ 45 అలాగే ఉండిపోలేదు. ఏడాదికేడాది 35, 20, 15, 10 అని తగ్గుతూ, అయిదేళ్ళలో పోయేలా ముందే రాసి పెట్టారు.

జపాన్ వాళ్ళు ఏం చేశారో మీకు తెలుసు. 750 సీసీ ఇంజన్లని 700 కిందకి తగ్గించి, సుంకం తగలకుండా అమ్ముకున్నారు. పైగా హోండాకి ఒహాయోలోని మేరీస్‌విల్‌లో, కవాసకికి నెబ్రాస్కాలోని లింకన్‌లో అప్పటికే ఫ్యాక్టరీలు ఉన్నాయి. అక్కడ తయారైన పెద్ద బండ్లకి ఆ సుంకం వర్తించలేదు. అంటే కంచెకి సందులు చాలానే ఉన్నాయి. అయినా హార్లే బతికింది. 1987 మార్చిలో, గడువుకి ఏడాది ముందే, ఇక మాకు సుంకం అక్కర్లేదని కంపెనీయే చెప్పింది. మే నెలలో రీగన్ పెన్సిల్వేనియాలోని హార్లే యార్క్ ఫ్యాక్టరీకి వెళ్ళి అభినందించి వచ్చారు.

ఇది సుంకం గెలుపని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. సుంకం కొంత సమయం ఇచ్చింది, అంతే. ఆ సమయంలో బయటికి తేవడానికి వాళ్ళ దగ్గర సరుకు ఉంది. ఎవల్యూషన్ అనే కొత్త ఇంజన్ పని సుంకానికి చాలా ముందే మొదలైంది. 1984 మోడళ్ళలో అది వచ్చింది, దాంతోపాటే సాఫ్టెయిల్ అనే కొత్త మోడలూ. ఆయిల్ కారడం ఆగింది. ఇంకో ముచ్చట నాకు మరీ ఇష్టం: హార్లే మేనేజర్లు మేరీస్‌విల్‌లోని హోండా ఫ్యాక్టరీకి వెళ్ళి, సరుకు గుట్టలు పోయకుండా అవసరమైనప్పుడే తెప్పించుకునే పద్ధతి చూసి నేర్చుకున్నారు. ఎవరి మీద సుంకం వేయించారో వాళ్ళ దగ్గరే పాఠం చెప్పించుకున్నారన్న మాట. మా ఆటోనగర్‌లో అయితే దీన్ని తప్పుపట్టరు, తెలివంటారు.

ఇప్పుడు నా ప్రశ్న. ఈరోజు మీరు 1983 లాంటి సమయమే ఇచ్చారనుకుందాం. ఆ సమయంలో బయటికి తేవడానికి ఏముంది?

2006లో హార్లే ప్రపంచవ్యాప్తంగా డీలర్లకు పంపిన బండ్లు దాదాపు 3 లక్షల 49 వేలు. 2024లో లక్షన్నర దగ్గర. అదే సమయంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటింది. హార్లే వాళ్ళ లైవ్‌వైర్ కరెంటు బండి 2019లో దాదాపు 30 వేల డాలర్లకి వచ్చింది, 2024లో ఆ బ్రాండ్ వెయ్యి బండ్లు కూడా అమ్మలేకపోయింది. కొత్తవాళ్ళకి నడపడం నేర్పడానికి, హార్లే చేతిలోని బ్యూయెల్ కంపెనీది, బ్లాస్ట్ అనే 492 సీసీ బండి ఉండేది, ఇక్కడే విస్కాన్సిన్‌లో ఈస్ట్ ట్రాయ్‌లో తయారయ్యేది. 2009లో బ్యూయెల్‌నే మూసేశారు. ఇప్పుడు హార్లే శిక్షణ కోసం తెచ్చిన ఎక్స్350 చైనాలో చియాన్‌జియాంగ్ కంపెనీ చేసినది. అమెరికన్ కుర్రాడు హార్లే పేరు మీద మొదటిసారి క్లచ్ పట్టుకునేది చైనా బండి మీద. చైనా బండి చెడ్డదని కాదు. కానీ ఆ సైజు బండి ఎలా ఉండాలని ఆలోచించే అలవాటు ఈ ఊళ్ళో పోతోంది.

బ్యూయెల్ మూతపడ్డాక దాన్ని స్థాపించిన ఎరిక్ బ్యూయెల్ మళ్ళీ సొంతంగా మొదలుపెడితే, 2013లో 2 కోట్ల 50 లక్షల డాలర్లు పెట్టి 49.2 శాతం వాటా తీసుకున్నది ఇండియాలోని హీరో. ఎరిక్ కొత్త కంపెనీ కూడా 2015లో దివాలా తీసింది, అది వేరే కథ. ఇప్పుడు అదే హీరో రాజస్థాన్‌లోని నీమ్రానాలో హార్లే ఎక్స్440 తయారుచేస్తోంది. రూపం హార్లేది, ఇంజనీరింగ్ ఎక్కువ భాగం హీరోది. పాతికేళ్ళకు పైగా హోండాతో కలిసి పనిచేసి నేర్చుకున్న కంపెనీ అది. మా ఆంధ్రాలో సత్యవేడు దగ్గర కూడా దానికి ఫ్యాక్టరీ ఉంది. నేర్చుకున్నవాళ్ళు ఎంత దూరం వస్తారో నాకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

డిజైన్ ఇక్కడే మిల్వాకీ పక్కన, హార్లే డిజైన్ కేంద్రం ఉన్న వవటోసాలో ఉంటే చాలు, తయారీ ఎక్కడైతేనేం అనే మాట మీ సమావేశాల్లో వినే ఉంటారు. పోత పని దగ్గర రోజూ నిలబడేవాడిగా చెబుతున్నా, ఆ రెండూ అలా విడిపోవు. గోడ మందం అర మిల్లీమీటరు తగ్గించాడనుకోండి డిజైనరు, కరిగిన లోహం ఆ మూలకి చేరకుండానే గడ్డకడుతుంది. ఇదివరకు అలాంటి ముక్క చేత్తో పట్టుకుని వెళ్ళి బల్ల మీద పెట్టి చూపించేవాళ్ళం. అరగంటలో గీత మారేది. ఇప్పుడు ఫోటో తీసి మెయిల్ పెడితే, జవాబు వచ్చేసరికి వారం. నాన్నగారి లేత్‌కి ఎదురుగా మెకానిక్ షెడ్డు ఉండేది, పిస్టన్ బిగుసుకుంటే అటునుంచి కేక వేసేవాడు. ఆ కేక వినపడే దూరంలోనే డిజైన్ బాగుపడుతుంది.

2018లో ఏం జరిగిందో కూడా ఒకసారి చూడండి. ఇక్కడ ఉక్కు, అల్యూమినియం మీద సుంకం వేశారు. యూరప్ బదులుగా హార్లే మీద సుంకాన్ని 6 నుంచి 31 శాతం చేసింది. ఒక్కో బండికి సుమారు 2,200 డాలర్లు అదనమని కంపెనీ లెక్క చెప్పి, యూరప్ బండ్లని బయటి ఫ్యాక్టరీలకి మారుస్తామంది. థాయ్‌లాండ్ ఫ్యాక్టరీ అంతకుముందే మొదలైంది. 2025 మోడల్ నుంచి పాన్ అమెరికా, నైట్‌స్టర్ లాంటి బండ్లు అమెరికా అమ్మకాలకి కూడా అక్కడి నుంచే వస్తాయని 2024లో ప్రకటించారు. యూనియన్ గొడవ చేసింది, ఎవరు విన్నారు? లోహం మీద సుంకం, మా షాపు లాంటి చోట, విదేశీ బండి కంటే ముందు మమ్మల్నే తాకుతుంది.

కాబట్టి నేను అడిగేది ఇది. మోటార్ సైకిళ్ళ మీద సుంకం వేయాలనుకుంటే 1983లో లాగా వేయండి: విచారణ పెట్టి, గడువు రాసి, ఏడాదికేడాది తగ్గేలా. రక్షణ అడిగే కంపెనీ ఆ గడువులో ఏ బండి తెస్తుందో, డ్రాయింగు ఎక్కడ గీస్తారో, డైలు, అంటే పోత అచ్చులు, ఎక్కడ చెక్కుతారో ముందే కాగితం మీద చూపించాలి. 6 వేల డాలర్లలోపు స్ప్రింట్ అనే చిన్న బండి తెస్తామని హార్లే 2025లో చెప్పింది. ఆ పేరు కొత్తది కాదు. 1961లో ఇటలీలో ఎర్‌మాకీ చేసిన బండికి హార్లే పెట్టిన పేరే అది. అప్పుడూ చిన్న బండి బయటి నుంచే వచ్చింది. ఈసారైనా ఇక్కడ తయారుచేస్తే, దాని భాగాలకి, పోతలకి సుంకంలో మినహాయింపు ఇవ్వండి. పెద్ద పెద్ద బండ్లకి ఏ సాయమూ అక్కర్లేదు, వాటి కొనుగోలుదారులు వాటికున్నారు.

ఇండియాతో బేరం మాత్రం తెగేదాకా లాగకండి. 2007లో మీ ఆఫీసే మామిడిపండ్లకి దారి ఇచ్చి, హార్లేకి ఇండియాలో దారి తెప్పించింది. ఆ పుణ్యమా అని వేసవిలో మాకు ఇక్కడ బంగినపల్లి దొరుకుతోంది. 2025 బడ్జెట్‌లో ఇండియా 1600 సీసీ దాటిన బండ్ల మీద సుంకాన్ని 50 నుంచి 30 శాతానికి తగ్గించింది. దాంతో అక్కడి రోడ్ల మీద పెద్ద హార్లేలు నిండిపోలేదు. అక్కడ నడిచేది ఎక్స్440 సైజు బండే. ఇక్కడ మా అబ్బాయి కొన్నది కూడా దాదాపు ఆ సైజే.

విచారణ పెడితే కబురు చేయండి. సెలవు పెట్టుకుని వస్తాను. మా షాపులో పక్కన పెట్టిన ముక్కలు రెండు మూడు తెస్తాను, చేత్తో పట్టుకుని చూద్దురుగాని.

ఇట్లు,
మిల్వాకీ నుంచి ఒక క్వాలిటీ ఇన్‌స్పెక్టర్